తుడిచేసిన మడమ గుర్తు

ఎడమ క్రాంకు దొరికిందన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు ఏర్పేడులో పాత ఇనుము కొనే మునిరత్నం. పోయిన కార్తీకంలో ఒక సోమవారం, నేను ఉపవాసముండి వరండాలో వత్తులు చేసుకుంటా ఉంటే మోపెడు ఆపి, చెప్పులు మెట్టు కింద విడిచి, గడప అవతలే నిలబడినాడు. ఎప్పుడూ వచ్చీ రాగానే మజ్జిగ అడిగే మనిషి ఆ రోజు అడగలేదు.

"అక్కా, పద్నాలుగేండ్ల కింద నా మూటలోనే ఒకటి దొరికిందే, కుడిది. దాని జత దొరికినట్టుండాది," అన్నాడు. సంచి నేల మీద పెట్టినాడు గానీ అందులో చెయ్యి పెట్టలేదు. "నువ్వే తీసుకో. నాకు పట్టుకోబుద్ధి కాలేదు."

క్రాంకు అంటే పెడలును నడిమి ఇరుసుకు కలిపే కమ్మీ. మనం కాలితో తోసే బలమంతా దాని మీదుగానే పోతుంది. నేను నలభై ఏళ్ళకు పైగా పాత రేసు సైకిళ్ళ సామాన్లు ఏరి, విప్పి, బాగుచేసి, విలువ కట్టి, కావలసినవాళ్ళకు చేర్చే పని చేసినాను. వేళ్ళ కొసలు మొద్దుబారి పని మానుకుని రెండేళ్ళయింది. ఈ మధ్య చిన్న వయసువాళ్ళు బెంగుళూరు నుంచి, మదనపల్లె నుంచి వెతుక్కుంటా వస్తారు. ఏ సామానుకు విలువ, ఎందుకు విలువ అని అడుగుతారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నేను బాగా చేసిన పనుల గురించి రాసి ఉపయోగం లేదు. చెడగొట్టిన పని గురించి రాస్తాను.

నాయన కొట్టు

మా నాయనకు తిరుపతిలో రైల్వే స్టేషను వెనక వీధిలో సైకిలు కొట్టు ఉండేది. చిన్నప్పుడు జ్వరం వచ్చి గుండె బలహీనపడిందని నన్ను బడి మాన్పించినారు. అక్షరాలు అమ్మ పూజ పుస్తకాలు ముందు పెట్టి దిద్దించింది. ఇంగ్లీషు అక్షరాలు నేను గేర్ల మీద, బ్రేకుల మీద చెక్కినవి చూసి నేర్చుకున్నాను. ఆ జ్వరం రాకపోతే ఈ పని నా చేతికి వచ్చేది కాదు. దానికి కూడా స్వామికి దండం పెట్టుకుంటాను.

ఆ రోజుల్లో రేణిగుంట రైల్వే కాలనీలో డ్రైవర్లు, గార్డులు ఆదివారాల్లో పందెం కట్టి సైకిళ్ళు తొక్కేవాళ్ళు. పొట్టేలు కొమ్ముల్లాగా కిందికి వంగిన హ్యాండిలు, వేలెడు మందం టైర్లు, చిటికెన వేలితో ఎత్తగలిగే బరువు. ఇటలీవి, ఇంగ్లండువి, ఫ్రాన్సువి. వాళ్ళు బదిలీ మీద పోతా, ముసలివాళ్ళయిపోతా వదిలేసినవన్నీ నాయన కొట్టుకు చేరినాయి. మామూలు సైకిలు తొక్కే ఊరికి అవి పనికిరావు. నాయన మాత్రం ఒక్కటీ పారేయలేదు. గోనె సంచుల్లో కట్టి అటక మీద పెట్టినాడు. నా జీవనం ఆ అటక మీదినుంచే దిగింది.

నాకు పై అధికారి అంటూ ఉన్నది మదరాసులో ఒక్క పెద్దాయన. పాత సామాన్లు ఏరేవాళ్ళకు ఆయన మాటే కొలబద్ద. పదేళ్ళు ఆయనకు పార్సిళ్ళు పంపినాను. మొదట పంపిన బ్రేకుల జతకు నేను ముచ్చటగా వెండి రంగు వేసినాను. అవి తిరిగి వచ్చినాయి, ఒకే ఒక ముక్క ఉన్న చీటీతో: శవానికి ముస్తాబు వద్దు. నాకు కోపం వచ్చి నాలుగు రోజులు అన్నం సయించలేదు. తర్వాత మదరాసు పోయి ఆయన పని చేసే తీరు చూసినాను. తెల్లగుడ్డ పరిచి దాని మీద సామాను పెడతాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుంటాడు. అట్లా చాలాసేపు చూస్తాడు. "ముట్టుకున్నాక నువ్వు చేసిందే కనిపిస్తుందమ్మా. ముట్టుకోకముందు వాడు చేసింది కనిపిస్తుంది," అన్నాడు. వాడు అంటే దాన్ని తొక్కినవాడు.

విలువ దేనిలో ఉంటుంది

కొత్తగా వచ్చేవాళ్ళు మెరుపు చూసి మోసపోతారు. మెరుపు ఎవరైనా తెప్పించవచ్చు. మీరు చూడవలసిన మొదటి సంగతి జత. కుడి ఎడమలు ఒకే ఏడు పోసినవి కావాలి. మంచి కంపెనీలు క్రాంకు వెనకవైపు గోరంత గుర్తులో ఒక అంకె వేసేవి, అది తయారైన ఏడు. రెండూ కలిస్తేనే జత. ఒంటి క్రాంకును అడిగేవాళ్ళు ఉండరు. తర్వాత మరలు. ఎడమ పెడలు మర ఎదురు తిరుగుతుంది. తెలియనివాళ్ళు బలవంతంగా తిప్పి మర కొరికేస్తారు. కొరికిన మర ఉన్నదాన్ని ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

అన్నిటికన్నా పైది, వాడినవాడి గుర్తు. ఒక మనిషి పదేళ్ళు తొక్కిన సైకిలు మీద ఆ మనిషి ఒళ్ళు అచ్చు పడి ఉంటుంది. చెయ్యి ఎక్కడ వేసేవాడు, ఏ కాలు ఎక్కువ తోసేవాడు, భయస్థుడా కాదా, అన్నీ తెలుస్తాయి. బ్రేకు చెక్కలు అరిగిన తీరు చూసి ఘాటు రోడ్డు దిగేటప్పుడు ఆ మనిషి గుండె ఎట్లా కొట్టుకునేదో చెప్పవచ్చు.

ఇందులో ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ అచ్చు పడిన సామాన్లు ఒక్కోసారి మనకు ఊపిరాడనివ్వవు. రేణిగుంట గార్డు ఒకాయన పోయిన మూడో నెల ఆయన భార్య బ్రేకు పిడులు అమ్మిపెట్టమని తెచ్చి ఇచ్చింది. రబ్బరు మీద ఆయన బొటనవేళ్ళ గుంటలు పడి ఉన్నాయి. ఆమె తన వేలు ఆ గుంటలో పెట్టి చటుక్కున తీసేసింది. "కొత్త రబ్బరు వెయ్యమ్మా. ఇది నా వేలు పట్టుకుంటా ఉండాది," అంది. నేను వెయ్యలేదు. కొన్నవాడు ఆరు నెలల తర్వాత ఫోను చేసి, దిగుడులో తను నొక్కకముందే బ్రేకు పడుతున్నదని నవ్వుతా చెప్పినాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. తర్వాత వాటిని విప్పి అద్దాల బీరువాలో పెట్టుకున్నాడని విన్నాను.

చింతపండు

ఇప్పుడు దామోదరం సంగతి. చంద్రగిరిలో సేద్యం చేసుకునే కుటుంబం వాళ్ళది. అక్క భాగ్యమ్మ, తమ్ముడు దామోదరం, తల్లి. రేణిగుంట సామాన్లతో అతనికి సైకిలు కట్టి ఇచ్చింది మా నాయనే, మరలు బిగించింది నేను. రోజూ తెల్లవారుజామున చంద్రగిరిలో బయల్దేరి భాకరాపేట ఘాటు ఎక్కి, దిగి, ఎండ రాకముందే ఇంటికి చేరేవాడు. చిన్నప్పుడు మిద్దె మీదినుంచి పడి కుడికాలు వంకరపోయింది. వేళ్ళు బయటికి, మడమ లోపలికి. తొక్కేటప్పుడు ఆ మడమ ప్రతి చుట్టుకూ క్రాంకును రాసుకునేది. "నా కాలికి వంకర లేదక్కా, నీ సైకిలుకే ఉండాది," అని నన్ను ఏడిపించేవాడు.

పద్దెనిమిదేళ్ళ కింద ఒక పొద్దున పోయినవాడు తిరిగి రాలేదు. సైకిలూ రాలేదు. పోలీసులు, ఫారెస్టు వాళ్ళు లోయలన్నీ వెతికినారు. ఒక చెప్పు గానీ, ఒక చువ్వ గానీ దొరకలేదు.

నాలుగేళ్ళ తర్వాత మునిరత్నం తెచ్చిన పాత ఇనుము మూటలో నాకొక కుడి క్రాంకు కనిపించింది. యాడిదని అడిగితే, పది ఊళ్ళ సరుకు కలిసిపోయింది, చెప్పలేనన్నాడు. అట్లాంటివి మా చేతి మీదుగా మూడు జతలు పోయినాయి, అందులో ఒకటి దామోదరానిది. ఇది ఏ జతదో తెలియదు. మదరాసు పెద్దాయన చెప్పినట్టు తెల్లగుడ్డ పరిచి, చేతులు కట్టుకుని చూసి ఉండవలసింది. కానీ మరునాడు ఆయుధ పూజ. మా ఇంట్లో అమ్మవారి ముందుకు పోయే ఏ లోహమైనా చింతపండు, ఇటుక పొడి పెట్టి తోమిన తర్వాతే పోవాలి. ఇత్తడి కుందులూ, రాగి చెంబులూ, నాయన స్పానర్లూ అన్నీ ఒకే గంగాళంలో వేసి తోమడం నాకు ఆరేళ్ళ వయసు నుంచీ అలవాటు. కుందుల తర్వాత చెయ్యి దాని మీదికి పోయింది. అప్పుడు చూసినాను. మట్టి కింద, కమ్మీకి పాదం ఉండే వైపు, నెలవంకలాగా ఒక చోటు మాత్రం నున్నగా అరిగి మెరుస్తా ఉంది. చూసి, అంతా ఆ మెరుపుకు వచ్చేదాకా తోమినాను. నెలవంక కనబడకుండా పోయింది. కుంకుమ పెట్టి అమ్మవారి ముందు పెట్టి, ఎంత బాగా వచ్చిందో అని సంతోషపడినాను కూడా.

వారం తిరక్కముందే భాగ్యమ్మ చంద్రగిరి నుంచి బస్సెక్కి వచ్చింది. మునిరత్నం చెప్పినాడంట. దాన్ని ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"మావోడి మడమ నీకు తెలుసు కదక్కా. ఈడ అరిగి ఉండాల. తోమకముందు ఉండిందా?"

"గుర్తులేదు భాగ్యా. మట్టి పట్టి ఉండింది," అన్నాను.

మట్టి ఉన్న మాట నిజం. గుర్తులేదన్నది అబద్ధం.

ఆమె ఎందుకు అడిగిందో నాకు తెలుసు. దేహం దొరకని మనిషికి పన్నెండేళ్ళు చూసి, దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి కర్మ జరిపిస్తారు. గట్టి గుర్తు ఏదైనా దొరికితే ముందే చేయవచ్చునని వాళ్ళ పురోహితుడు చెప్పి ఉన్నాడు. తమ్ముడిని ఉన్నవాళ్ళలో లెక్కపెట్టాలా, పోయినవాళ్ళలో లెక్కపెట్టాలా అన్నది ఆ నెలవంక మీద ఆధారపడి ఉంది. నేను నిజం చెప్తే ఆ తల్లి ఆశ చంపినదాన్ని అవుతానని నాకు నేనే చెప్పుకున్నాను. అది సాకు. అన్నేళ్ళ పనితనం ఉన్నదాన్ని, గిన్నెలు తోమినట్టు తోమి గుర్తు చెరిపేసినానని చెప్పుకోలేకపోయినాను, అంతే.

"నీ దగ్గరే ఉండనీ అక్కా. వాడిదో కాదో తెలియనిదాన్ని ఇంట్లో యాడ పెట్టుకునేది," అని క్రాంకు నాకే ఇచ్చి పోయింది.

గుడ్డ మీద మరక

దాన్ని కొత్త తెల్లగుడ్డలో చుట్టి పూజ అలమారా కింది అరలో పెట్టినాను. ఏడాదికొకసారి ఆయుధ పూజకు గుడ్డ మార్చేదాన్ని. ప్రతి ఏడూ గుడ్డ మీద నల్లటి నూనె మరక ఉండేది. నూనె చుక్క లేకుండా తోమి, ఎండబెట్టి చుట్టిన లోహం. సందుల్లో మిగిలిందేమో, ఊరుతున్నదేమో అనుకున్నాను. మూడో ఏడు, నాలుగో ఏడు కూడా అట్లాగే అనుకున్నాను. తర్వాత అనుకోవడం మానేసినాను. క్రాంకు వైపు చూడకుండా, చేత్తో తడుముకుంటా పాత గుడ్డ తీసి కొత్తది చుట్టేదాన్ని. లలితమ్మవారిని తలుచుకుంటా చేసేదాన్ని.

భాగ్యమ్మ తల్లి పోయింది, కొడుకు వచ్చినాడా అని అడుగుతానే. పన్నెండేళ్ళు దాటినాయి. చిన్నాయన, ఆయన కొడుకులు కర్మ చేసేద్దామని పట్టుబట్టినారు. భాగ్యమ్మ ఒప్పుకోలేదు. "నీ తమ్ముడు తొక్కుతా తొక్కుతా కాశీకి పోయినాడేమోలే," అని ఎగతాళి చేసినారు కూడా. ఆమె రోజూ తెల్లవారకముందే లేచి తలుపు గడియ తీసి, అతను వస్తానే తాగే చెంబెడు నీళ్ళు పిట్టగోడ మీద పెట్టేది. ఎండెక్కినాక ఆ నీళ్ళు చెట్టుకు పోసేది. పద్దెనిమిదేళ్ళు అట్లా చేసింది. ఎవరి ఇంట్లో శుభకార్యానికైనా రాత్రి ఆగమంటే ఆగేది కాదు, పొద్దున నీళ్ళు పెట్టాలని.

జత

మునిరత్నం తెచ్చిన సంచిలోనుంచి ఎడమ క్రాంకు నేనే బయటికి తీసినాను. భాకరాపేట ఘాటు మీద చీపురు గడ్డి కోసే ఆడమనిషికి దొరికిందంట. పొద్దున్నే రోడ్డు పక్క గోడ మీద నిలబెట్టి ఉందంట, ఎవరో ఇప్పుడే వచ్చి తీసుకుంటామని పెట్టిపోయినట్టు. నాలుగు రోజులు పోయే దారిలో వచ్చే దారిలో చూసి, ఎవరూ తీయకపోతే ఆమె తెచ్చి మునిరత్నానికి ఇచ్చింది.

తెల్లగుడ్డ పరిచి, ఈసారి చేతులు వెనక్కి కట్టుకున్నాను. తుప్పు లేదు. దుమ్ము లేదు. పెడలు బిగించే మరలో గ్రీజు ఉంది. గ్రీజు పాతబడితే గట్టిపడి బెల్లం పాకంలాగా అవుతుంది. ఇది వెన్నలాగా ఉంది. పాదం వైపు ఏ అరుగుదలా లేదు. అతని ఎడమకాలు తిన్ననిది కాబట్టి ఉండకూడదు. వెనక ఏడు గుర్తు చూసినాను. జత కలుస్తుందో లేదో చూడాలంటే కుడిది తీయక తప్పదు.

అలమారా తెరిచి గుడ్డ విప్పినాను. ఏడు గుర్తు కలిసింది. నేను చింతపండు పెట్టి తోమి, సమంగా మెరిపించిన ఆ లోహం మీద నెలవంక ఉంది. అదే చోట, అదే వంపు. నేను తోమకముందు చూసినదానికన్నా లోతుగా ఉంది. గోరు పెట్టి చూస్తే గోరు దిగింది. చుట్టూ నూనె, సన్నటి రోడ్డు దుమ్ము.

పద్నాలుగేళ్ళు అది మా ఇల్లు దాటలేదు.

మునిరత్నం గడప అవతలినుంచి ఏమైందక్కా అని అడుగుతున్నాడు. దీపం వెలిగించి దాని ముందు కూర్చున్నాను. ఆ దీపం అంటుకున్నందుకు స్వామికి ఈ రోజుకీ దండం పెట్టుకుంటా ఉంటాను.

ఏర్పేడు పక్క పెద్ద కాలేజీలో లోహాల చదువు చెప్పే సారు ఒకాయన నా దగ్గర గేర్లు కొనేవాడు. ఆయనకు రెండూ చూపించినాను. ఏళ్ళ తరబడి ఒత్తిడి పడిన చోట లోహం బిగుసుకుంటుందనీ, పైన తోమినా ఆ చోటు కాలక్రమాన వేరుగా బయటపడవచ్చుననీ చెప్పినాడు. చదువుకున్న మనిషి, ఆయన మాట నేను కొట్టిపారెయ్యను. గోరు దిగే లోతు సంగతి అడిగితే మళ్ళీ ఒకసారి వేలు పెట్టి చూసినాడు. గ్రీజు సంగతి అడిగినాను. "ఈ మధ్యనే ఎవరో పెట్టినారమ్మా," అన్నాడు. ఎవరని నేను అడగలేదు. ఆయన టీ తాగకుండానే పోయినాడు.

భాగ్యమ్మ మాట

భాగ్యమ్మకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు కొట్టుకున్నాను. చెప్పకపోతే నా పాత అబద్ధం మీద ఇంకో అబద్ధం పేర్చినట్టు. పిలిపించినాను. మునిరత్నమే తీసుకొచ్చినాడు. రెండు క్రాంకులూ ఆమె ముందు పెట్టి, మొదట నా తప్పు చెప్పినాను.

"ఆ రోజు నువ్వు అడిగితే గుర్తులేదన్నాను. గుర్తుండింది భాగ్యా. నెలవంక ఉండింది. నేనే తోమి తీసేసినాను. అది దామోదరానిదే."

ఆమె నన్ను తిడుతుందని ఎదురుచూసినాను. తిట్టి ఉంటే బాగుండేది. బొటనవేలు నెలవంకలో పెట్టి, మెల్లగా పైకీ కిందికీ రాసింది.

"పోయినసారి ఇది లేదు," అంది.

"లేదు."

"ఇప్పుడు ఉండాది."

"ఉంది."

మునిరత్నం లేచి బయట మెట్ల మీద కూర్చున్నాడు. తర్వాత ఆమె తనలో తాను అనుకున్నట్టు అంది, "నేను ఎదురుసూస్తా ఉండబట్టే వాడు తొక్కుతా ఉండాడేమో అక్కా. రోజూ తలుపు తీస్తా, నీళ్ళు పెడతా. వచ్చేయాల, వచ్చేయాల అని వాడు ఆ ఘాటు ఎక్కుతానే ఉండాడు, దిగుతానే ఉండాడు. కాలు ఎంత నొస్తా ఉంటాదో."

నాకు అప్పుడు తగిలింది. ఆమె ఎదురుచూపులో పద్నాలుగేళ్ళు నేను పెట్టినవి. ఆ రోజు ఉందని చెప్పి ఉంటే ఆ ఏడే కర్మ జరిగేది. ఆ మాట నేను పైకి అన్నాను. ఆమె కాదనలేదు. నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడన్నా చెప్పినావు కదా," అంది. నా జన్మలో నేను పొందిన దయల్లో అది పెద్దది. తీర్చుకోలేనిది.

మాఘంలో స్వర్ణముఖి ఇసుకలో కర్మ జరిగింది. చిన్నాయన కొడుకే చేసినాడు, ఎగతాళి చేసినవాడే. పచ్చి దర్భలతో మనిషి ఆకారం కట్టి పడుకోబెట్టినారు. నిప్పు పెట్టకముందు భాగ్యమ్మ ఒక్క నిమిషం ఆగమని, రెండు క్రాంకులూ తెచ్చి ఆ దర్భ పాదాల కింద పెట్టింది. కుడి పాదాన్ని కొంచెం బయటికి తిప్పింది. వంగి, చెవిలో చెప్పినట్టుగా అంది.

"ఇంక దిగురా అబ్బోడా. ఇల్లొచ్చింది."

అని క్రాంకులు రెండూ తన చేత్తోనే తీసేసి, అంటించమంది.

మరునాటి పొద్దున ఆమె ఎండెక్కేదాకా నిద్రపోయిందని, పద్దెనిమిదేళ్ళలో అదే మొదటిసారని చిన్నాయన కోడలు చెప్పింది. ఆ జతను కొనుక్కుంటామని బెంగుళూరు నుంచి ఇద్దరు ముగ్గురు అడిగినారు. అమ్మకానికి లేవని చెప్పినాను. అవి చంద్రగిరిలో భాగ్యమ్మ దగ్గర ఉన్నాయి. నేను పోయి చూడలేదు. చూడను.

ఈ పనిలోకి వచ్చే మీకు నేను ఇచ్చే సలహాలు ఎన్నో ఉన్నాయి, మరల గురించి, గుర్తుల గురించి, మోసాల గురించి. అవన్నీ మీరు చెడగొట్టుకుంటా నేర్చుకుంటారు. అడగవలసింది ఒకటే. మీలో చాలామంది ఆదివారాల్లో భాకరాపేట ఘాటు తొక్కుతారని విన్నాను. ఎక్కేటప్పుడు ఊపిరి అందక ఒక చోట ఆగుతారు కదా, అక్కడ చంద్రగిరి దామోదరాన్ని పేరు పెట్టి ఒకసారి తలుచుకోండి. అతని కోసం వెనక్కి తిరిగి చూడవద్దు, ఎదురుచూడవద్దు. తలుచుకుని, మీ దారిన మీరు దిగి, ఇంటికి పోండి.